దానము కాదు, దాసోహము



2020 మార్చి 25న కరోనా కారణముగా దేశమంతట లాక్‌డౌన్ విధింపబడగా దినకూలీల పొయ్యిలో పిల్లి లేవలేదు. వలస కార్మికులు బిడ్డలను భుజములపై మోయుచు స్వగ్రామములకు నడచిరి. ఆనాడు ఊరూర సామాన్యులే బియ్యము, పప్పు పోగుచేసి బీదల గడపలకు చేర్చుట కొనియాడదగినది.

అయినను, బియ్యపు సంచి చేతికిచ్చి, తలవంచిన తల్లిని ఛాయాచిత్రమునకు నిలబెట్టినవారును మనలో కలరు. ఆమె ప్రక్కనున్న బిడ్డ ఏమి నేర్చుకొనెను?

బసవేశ్వరుడు బోధించినది దానము కాదు, దాసోహము. దానమున ఇచ్చువాడు పైన నుండును. దాసోహమున ‘నేను దాసుడను’ అని ఇచ్చువాడే వంగును. కాయకార్జితములో సమాజమునకు భాగము కలదు. ఆకలిగొన్నవాడు తన భాగమునే గైకొనుచున్నాడు. కావున మరల ఆపద వచ్చినచో, అతడు చేయి చాచుటకు ముందే, మన పేరు చెప్పక, ఆ గడపకు చేరుదము. ఇష్టలింగము చూచును, అదియే చాలును.