బీరువా విప్పబోయే ముందు

అమ్మాయ్, ఆషాఢం వెళ్ళాక హైదరాబాద్‌కి సామాను వేస్తారని మీ అమ్మ చెప్పింది. బదిలీ మంచిదే, ఇల్లు కూడా కుదిరిందట, సంతోషం. నాకున్న బెంగల్లా నువ్వు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఆ మూడు తలుపుల బీరువా, సామాను పెట్టుకునే మంచం, రాతబల్ల గురించే. "ప్యాకర్స్ వాళ్ళే విప్పేస్తార్లే పెదనాన్నా" అంటావు. విప్పుతారమ్మా, ఎందుకు విప్పరు! మధ్యాహ్నం లోపు లారీ కదలాలన్నది వాళ్ళ తొందర. బీరువా అక్కడ మళ్ళీ వంకర లేకుండా నిలబడాలన్నది నీ అవసరం. అందుకే వాళ్ళు రాకముందే మీ ఇద్దరూ కూర్చుని విప్పుకోండి.

మనింట్లో పాత పట్టె మంచం కూడా విడి ముక్కలదే. కోళ్ళు, పట్టెలు, కుసి వెళ్ళి బెజ్జంలో కూర్చుంటే మంచం. పురుళ్ళకీ పెళ్ళిళ్ళకీ ఎన్నిసార్లు ఊడదీసి బిగించినా చెక్కు చెదరలేదు. అది టేకు. నీ బీరువా పార్టికల్ బోర్డు. కర్ర ముక్కల్నీ పొట్టునీ జిగురుతో కలిపి వేడి మీద అదిమిన పలక, పైన రంగు పొర. దానికి నార లేదు. స్క్రూని అడ్డదిడ్డంగా లాగితే చుట్టూ ఉన్నదంతా పొడిపొడిగా రాలిపోతుంది. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండలో పెట్టినా మళ్ళీ తగ్గదు. అంతమాత్రాన చెడ్డ సరుకనను. తేలిక, చవక, చూడ్డానికి బాగుంటుంది. మోటుగా పట్టుకుంటే మాత్రం ఓర్చుకోదు.

అసలిలా విడి ముక్కలుగా అమ్మి ఇంట్లో బిగించుకునే పద్ధతి పెరిగిందే రవాణా సులువు కోసం. 1956లో స్వీడన్‌లో ఐకియాలో పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్ల కారులో పట్టక దాని కాళ్ళు ఊడదీశాడనీ, ఆ కంపెనీకి ఈ ఆలోచన అక్కడే తట్టిందనీ చెబుతారు. ఆ కంపెనీయే 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో కొట్టు తెరిచింది. ఎవరు తయారుచేసినా పెట్టెలో పెట్టేది బిగించే కాగితమే. ఐకియా 2021లో కొన్ని సామాన్లకి విప్పే పద్ధతి కూడా బొమ్మలు వేసి ఇచ్చిందిగానీ, నీ బీరువాకి అలాంటిదేమీ రాలేదుగా. కాబట్టి బిగించే కాగితమే తీసుకుని చివరి బొమ్మ నుంచి వెనక్కి చదువుకోండి. కాగితం పోతే ఫోన్లో ఫొటోలు తీసుకోండి. ముందు మొత్తం బీరువా, తర్వాత ప్రతి మూలా దగ్గర్నుంచి.

పలకలు ఊడాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కలిసే రెండు అంచుల దగ్గరా, లోపలి వైపు, ఒకే అక్షరం పెట్టు. 'అ' పక్కన 'అ', 'ఆ' పక్కన 'ఆ'. మాస్కింగ్ టేపు మీద రాసి అంటించు. ఆ గోధుమరంగు ప్యాకింగ్ టేపు పలక మీద వెయ్యనివ్వకు, తీసేటప్పుడు పై పొరని కూడా లాక్కొచ్చేస్తుంది. స్క్రూలన్నీ ఒకే డబ్బాలో పోస్తే అక్కడికెళ్ళాక ఏది దేనిదో తెలీక తల పట్టుకుంటావు. ఒక్కో చోటువి ఒక్కో చిన్న కవర్లో వేసి పేరు రాసుకో.

బీరువా ఖాళీ చేశాక ముందు సొరుగులు. పక్కనున్న ఇనుప చానల్ పూర్తిగా బయటికి లాగితే నల్లటి ప్లాస్టిక్ మీట కనిపిస్తుంది. ఒక పక్కది పైకి, రెండో పక్కది కిందికి నొక్కాలి, అప్పుడు సొరుగు చేతిలోకి వస్తుంది. తర్వాత తలుపులు. కీలు వెనక చిన్న మీట ఉంటే అది నొక్కితే చాలు, స్క్రూలు ముట్టుకోనక్కర్లేదు. కింది కీలుతో మొదలుపెట్టి పైది ఆఖర్న తీయాలి, అల్లుడు తలుపు పట్టుకుని ఉండాలి. అద్దం ఉన్న తలుపుకి ముందే దుప్పటి చుట్టేయండి.

ఇక బీరువాని ఇద్దరూ పట్టుకుని, నేల మీద బొంత పరిచి, బోర్లా పడుకోబెట్టండి. వెనకున్న పల్చటి అట్టే బీరువాని మూలమట్టంగా నిలబెడుతుంది. అది తీశాక మళ్ళీ నిలబెట్టకండి, పక్కకి ఒరిగిపోయి మూలలు చిట్లుతాయి. ఆ అట్టకి చిన్న మేకులుంటాయి. సుత్తి గోళ్ళతో పీకబోకు, అట్ట చిరుగుతుంది. రంగులేసేవాళ్ళ పుట్టీ రేకు మేకు పక్కనే దూర్చి కొంచెం కొంచెం లేపు. గాడిలో దూర్చిన అట్టయితే మేకులుండవు, పై పలక తీశాక జారి వచ్చేస్తుంది.

అన్నింటికన్నా ఓపిక కావలసింది మూలల దగ్గర. పలకలో రూపాయి బిళ్ళకంటే చిన్న గుండ్రటి లోహపు బిళ్ళ ఉంటుంది, మన కార్పెంటర్లు మినీఫిక్స్ అంటారు. పైన ప్లాస్టిక్ మూత ఉంటే గోటితో లేపు. లోపలున్నది స్క్రూ కాదు, కొక్కెం. అటువైపు పలక నుంచి వచ్చిన బోల్టు తలని పట్టుకుని ఉంటుంది. ఎడమకి దాదాపు అర చుట్టు తిప్పితే వదిలేస్తుంది, అంతకుమించి తిప్పేదేమీ లేదు. బిళ్ళ మీద బాణం గుర్తుంటే చూడు, అది బోల్టు వచ్చే అంచు వైపు తిరిగితే విడిచినట్టు. అది మెత్తటి లోహం, గాడికి సరిపోని స్క్రూడ్రైవర్ పెడితే గాడి అరిగిపోతుంది. మొన్న అల్లుడు కొన్నాడే, ఆ డ్రిల్ మిషన్‌తో ఇక్కడ పనిలేదు. చెయ్యి చాలు.

అన్ని బిళ్ళలూ వదిలాకే పలక లాగాలి. లోపల 8 మిల్లీమీటర్ల కర్ర గూటాలు కూడా ఉంటాయి కనక తిన్నగా లాగాలి. అటూ ఇటూ ఊపితే గూటం తన బెజ్జాన్ని తానే పెద్దది చేసుకుంటుంది. రాకపోతే కర్రముక్కకి గుడ్డ చుట్టి అంచు మీద మెల్లిగా తట్టు. అప్పటికీ రాకపోతే బలం వెయ్యకు, ఎక్కడో ఒక బిళ్ళ మర్చిపోయావన్నమాట. లేదా బిగించినవాడు జిగురు రాసేశాడు. జిగురు రాసిన సొరుగుల్లాంటివి విప్పే ప్రయత్నమే చెయ్యకు, అలాగే ఎక్కించు.

రాతబల్ల లారీలో పడుతుంది కనక కాళ్ళు తీస్తే చాలు. మంచానికి అలెన్ కీతో తిప్పే లావుపాటి స్క్రూలుంటాయి, వాటిని చివరిదాకా నిదానంగా తీయి, సగంలో లాగకు.

శ్రావణమంటే వానలు. దాదాపు 600 కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి, పైన ఒక్క టార్పాలిన్ చాలదు. పలకల కోసిన అంచులకీ బెజ్జాలకీ నీరు తగలకుండా విడిగా పాలిథిన్ చుట్టించు. పలకల్ని ఒకదానిమీదొకటి పడుకోబెట్టకుండా, మధ్యలో పాత చీరలేసి, గోడకానించినట్టు నిలువుగా పెట్టించు. మనది బెల్లం ఊరు కనక లారీ విషయంలో ఇంకోటి కూడా చూడాలి: అంతకుముందు బెల్లం దిమ్మలు మోసిందేమో అడుగు. జిడ్డూ చీమలూ ఉంటాయి, కడిగించి గానీ సామాను ఎక్కించనివ్వకు.

అక్కడ బిగించేటప్పుడు స్క్రూని పాత బెజ్జంలో పెట్టి ముందు వెనక్కి తిప్పు. ఒకచోట 'టక్'మని చిన్నగా కిందికి దిగుతుంది. అది పాత మరలో పడ్డట్టు. అప్పుడు కుడికి తిప్పాలి. అలా చెయ్యకపోతే స్క్రూ కొత్త దారి కోసుకుంటుంది, పట్టు పోతుంది. ఇప్పటికే వదులైన బెజ్జం ఉంటే అగరబత్తి పుల్లలకి ఫెవికాల్ రాసి అందులో కుక్కి, ఒక రోజంతా ఆరనిచ్చి, పైకి మిగిలింది కోసేసి అప్పుడు బిగించు. వెనక అట్ట కొట్టేముందు బీరువాని మూల నుంచి మూలకి టేపుతో కొలుచుకోండి. రెండు కొలతలూ సమానంగా ఉంటేనే మేకులు కొట్టాలి, లేకపోతే తలుపులు కలవవు.

బాత్రూం పక్కనున్న చెప్పుల స్టాండు మాత్రం విప్పకు. దాని అడుగు ఎప్పుడో ఉబ్బిపోయింది, అది హైదరాబాద్ దాకా మొయ్యడం దండగ. కింది వాటాలో ఎవరికైనా కావాలంటే ఇచ్చెయ్. ఆదివారం పొద్దున్నే నేనూ వస్తాను, పాత దుప్పట్లూ మాస్కింగ్ టేపూ సిద్ధంగా పెట్టుకోండి.