ఐబొమ్మ, జిరాక్స్ షాపు, రెండో శీలం

 

ఆదివారం వందన అయ్యాక మన కుర్రాళ్లు ఈమధ్య మాటిమాటికీ ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, ఫోన్లో పైరసీ సినిమా చూస్తే శీలం తప్పినట్టేనా?" నవ్వుతూనే అడుగుతారు గానీ ఇది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. పంచశీలంలో రెండోది అదిన్నాదానా వేరమణి, అంటే ఇవ్వనిది తీసుకోకుండా ఉండటం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనవాళ్ల చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో 14వది కూడా ఇదే, దొంగతనం చేయనని. నోటితో పలికి తీసుకున్న మాట. అందరూ చూస్తున్నారు కదా అని దాటేస్తే కుదరదు.

2025 నవంబర్‌లో ఐబొమ్మ నడిపిన మనిషి అంటూ హైదరాబాద్ పోలీసులు ఒకతన్ని అరెస్టు చేశారు. అప్పుడు జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. సినిమావాళ్లు దొంగ దొరికాడన్నారు. జనంలో చాలామంది మాత్రం పేదోడికి సినిమా చూపించినవాడని వెనకేసుకొచ్చారు. మనవాళ్లు కూడా చాలామంది ఆ రెండో గుంపులోనే ఉన్నారు. ఎందుకున్నారో నాకు అర్థమైంది. 2024 డిసెంబర్‌లో పుష్ప-2 ముందురోజు ఆటలకి ఒక్కో టికెట్ మీద 800 రూపాయలు అదనంగా పెంచుకోమని తెలంగాణ ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. అసలు టికెట్ కాదు, దాని మీద పెంపే 800! అడ్డా మీద నిలబడే కూలీకి అదొక రోజు కష్టం. ఇంటిల్లిపాదీ పోవాలంటే వారం కూలీ. ఆ మనిషికి కోపం రాకపోతేనే ఆశ్చర్యం.

కానీ కోపం న్యాయమైనదైనంత మాత్రాన ఆ సైటు చేసింది దానం అయిపోదు. పోలీసులు చెప్పేదేంటంటే, సినిమా కోసం వచ్చినవాళ్లని ఆ సైటు బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించి డబ్బు చేసుకుందని. కేసు కోర్టులో తేలాలి, అది వేరు. అయితే ఫ్రీ సినిమా సైటు ఏది తెరిచినా పక్కన వచ్చే ప్రకటనలు ఏమిటో మీ పిల్లల్ని అడగండి, చెబుతారు. రమ్మీ, బెట్టింగ్, అప్పులిచ్చే యాప్‌లు. గాలం కొనకు గుచ్చిన ఎరని చేపకి పెట్టిన అన్నం అంటామా? మన వాడల్లో బెట్టింగ్ అప్పులతో పరువూ ప్రాణమూ పోగొట్టుకున్న ఇళ్లు ఎన్ని లేవు! సమ్మా ఆజీవం గురించి మాట్లాడే మనం ఆ సంపాదనని మెచ్చుకోలేం.

అటువైపు నిర్మాతల మాట కూడా పూర్తిగా నమ్మబుద్ధి కాదు. పైరసీ వల్ల లైట్‌బాయ్ పొట్ట కొడుతున్నారు, జూనియర్ ఆర్టిస్టు పొట్ట కొడుతున్నారు అంటారు. సరే. అదే లైట్‌బాయ్‌లు, ఆ జూనియర్ ఆర్టిస్టులు 2025 ఆగస్టులో కూలి 30 శాతం పెంచమని షూటింగులు ఆపి సమ్మె చేశారు కదా. రెండు వారాలకు పైగా బేరం నడిచాక మూడేళ్ల మీద విడతలుగా 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. కార్మికుడి పొట్ట పైరసీ అనగానే గుర్తొస్తుంది, కూలి అడిగిన రోజున గుర్తుకు రాదు.

ఇంతకీ కుర్రాడి ప్రశ్న. సినిమా విషయంలో నా జవాబు చిన్నదే. కొత్త సినిమా మొదటి రోజే చూడకపోతే ప్రాణం పోదు. టికెట్ ఎక్కువైతే ఆగు, నాలుగు వారాలకి ఇంట్లో టీవీలోనో, పక్కింటి ఓటీటీలోనో వస్తుంది. ఆగలేకపోవడానికి మన భాషలో తణ్హ అనే పేరుంది. దాన్ని పేదరికం అనకండి, పేదరికానికి అవమానం.

పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంత సులువుగా జవాబు చెప్పలేను.

దొంగతనానికి అట్ఠకథలు ఐదు అంగాలు చెబుతాయి. వస్తువు ఇతరులది కావాలి. ఇతరులదని తెలిసి ఉండాలి. థేయ్యచిత్తం, అంటే దొంగబుద్ధి ఉండాలి. ప్రయత్నం జరగాలి. ఆ ప్రయత్నంతో వస్తువు అక్కడి నుంచి పోవాలి. నేను నీ మేకను తోలుకుపోతే నీ దొడ్డి ఖాళీ అవుతుంది. నీ పుస్తకానికి నకలు తీసుకుంటే నీ పుస్తకం నీ బీరువాలోనే ఉంటుంది. నీకు రావాల్సిన డబ్బు రాకపోవచ్చు, అది నిజమే. కానీ మేక పోవడమూ, వస్తుందనుకున్న బేరం రాకపోవడమూ ఒకటేనా? ఈ తేడాని కప్పెట్టడానికే "పైరసీ" అనే మాట పెట్టారని నా అనుమానం. సముద్రం మీద ఓడల్ని కొల్లగొట్టి మనుషుల్ని చంపేవాళ్ల పేరుని జిరాక్స్ తీసుకునే విద్యార్థికి తగిలించారు.

ఢిల్లీ యూనివర్సిటీలో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ అనే చిన్న షాపు ఉంది. పాఠాలకు అవసరమైన పుస్తకాల నుంచి తలా కొన్ని పేజీలు తీసి, కట్టగా కుట్టి, విద్యార్థులకు ఇచ్చేవాళ్లు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే మూడు పెద్ద ప్రచురణ సంస్థలు ఆ షాపు మీదా, యూనివర్సిటీ మీదా ఢిల్లీ హైకోర్టులో కేసు వేశాయి. వందల ఏళ్ల చరిత్ర ఉన్న సంస్థలు ఒకవైపు, రెండు మిషన్లు పెట్టుకుని బతికే మనిషి ఒకవైపు. విద్యార్థులు సంఘం పెట్టుకుని కేసులో చేరారు. అధ్యాపకులూ చేరారు. ఏ రచయితల పుస్తకాలని కాపీ కొట్టారని కేసు వేశారో, ఆ రచయితల్లోనే కొందరు కేసు వెనక్కి తీసుకోమని ప్రచురణకర్తలకి ఉత్తరం రాశారు. రాసినవాడు వద్దంటున్నాడు, అమ్మేవాడు కావాలంటున్నాడు!

2016 సెప్టెంబర్ 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ కేసు కొట్టేశారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ నకలు తీసుకోవచ్చని అందులోనే రాసి ఉంది. కాపీరైట్ దేవుడిచ్చిన హక్కూ కాదు, పుట్టుకతో వచ్చిన హక్కూ కాదని ఆ తీర్పు సారాంశం. చదువు పెరగడానికి సమాజం పెట్టుకున్న ఏర్పాటు అది. అదే డిసెంబర్‌లో ఇద్దరు జడ్జీల బెంచి కూడా ఆ దారినే ఉంది. 2017లో ప్రచురణ సంస్థలే తప్పుకున్నాయి.

దేవుడిచ్చిన హక్కు కాదు అనే మాట చదివినప్పుడు నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. చదువు దేవుడు కొందరికే ఇచ్చాడని రెండు వేల ఏళ్లు చెప్పించుకున్నవాళ్లం మనం. అక్షరం వింటే చెవుల్లో సీసం, పలికితే నాలుక కోత అని శాసనాలు రాసుకున్న దేశం ఇది. అందుకే జ్ఞానానికి తాళం అన్న మాట వినగానే మనకి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. మా తరంలో హాస్టల్ గదుల్లో కులనిర్మూలన చేతులు మారింది ఎక్కువగా జిరాక్స్ కాగితాల మీదే. అంచులు నలిగి, మధ్యలో రెండు పేజీలు పోయి, ఎవరో పెన్సిల్‌తో గీతలు గీసిన కట్ట. అసలు ఆ పుస్తకం పుట్టుకే అలాంటిది. 1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ సభే రద్దు చేసుకుంటే, బాబాసాహెబ్ ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1500 కాపీలు వేయించారు. రెండు నెలల్లో అయిపోయాయి.

తథాగతుడు తన దగ్గర ఆచార్యముట్ఠి లేదన్నాడు. గురువు పిడికిలి బిగించి కొంత దాచుకుని, నచ్చిన శిష్యుడికి చివర్లో చెప్పడం ఆయన దగ్గర లేదు. ఆ పిడికిలి విప్పినందుకే ధమ్మం ఇన్ని దేశాలు తిరిగింది. తేదీ వేసి ఉన్న ముద్రిత పుస్తకాల్లో ప్రపంచంలో అన్నిటికంటే పాతది 868 నాటి వజ్రచ్ఛేదిక సూత్రం, చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది. అందరికీ ఉచితంగా పంచడం కోసం అచ్చు వేయించినట్టు దాని చివర్లోనే రాసి ఉంది. ఇప్పటికీ తైవాన్ నుంచి ఒక ధార్మిక సంస్థ వేసి పంపే 'బుద్ధా అండ్ హిజ్ ధమ్మా' ప్రతుల మీద అమ్మకానికి కాదని ఉంటుంది, మీలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటుంది.

అయితే ఇక్కడ ఆగి ఆ పుస్తకం సంగతే ఇంకొంచెం చెప్పాలి. 1956 సెప్టెంబర్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకం గురించి ప్రధానమంత్రి నెహ్రూకి ఉత్తరం రాశారు. అచ్చుకి సుమారు 20,000 రూపాయలు అవుతోంది, అది తన శక్తికి మించిన పని, ప్రభుత్వం ఒక 500 కాపీలు కొని లైబ్రరీలకి ఇవ్వగలదా అని. కుదరదని జవాబు వచ్చింది. రాజ్యాంగం రాసిన మనిషి, ఆరోగ్యం చెడిపోయిన మనిషి, ఒక పుస్తకం అచ్చు కోసం అలా అడగాల్సి వచ్చింది. డిసెంబర్ 6న పోయారు. పుస్తకం వచ్చింది 1957లో. ఆయన కళ్లతో చూసుకోలేదు.

ఫ్రీగా దొరికే పుస్తకం ఫ్రీగా తయారు కాదు. కాగితం కొనాలి, డీటీపీ చేసినవాడికి ఇవ్వాలి, ప్రూఫులు దిద్దాలి, అనువాదం చేసినవాళ్లు రాత్రుళ్లు కూర్చోవాలి. మన తెలుగులో అంబేద్కర్ సాహిత్యం, దళిత కథలు, ఆత్మకథలు వేసేవాళ్లు ఎవరు? ఎవరో టీచరు, ఎవరో రిటైరైన గుమస్తా, పీఎఫ్ డబ్బులో కొంత తీసి 500 కాపీలు వేస్తాడు. 120 రూపాయల పుస్తకం. విడుదలైన వారానికి ఎవరో మొత్తం స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో "జైభీమ్, అందరికీ షేర్ చేయండి" అని పెడతారు. మూడు వందల మంది గ్రూపు. అట్టపెట్టెల్లో పుస్తకాలు రచయిత మంచం కిందే ఉండిపోతాయి. రెండో పుస్తకం రాదు. దీన్ని ఆక్స్‌ఫర్డ్ పేజీల జిరాక్స్‌తో సమానం చేయొద్దు. అక్కడ చదువుకోలేని విద్యార్థి, కోట్ల సంస్థ. ఇక్కడ 120 రూపాయలు పెట్టగలిగినవాడు, అప్పు చేసి అచ్చు వేసినవాడు. ఆ పీడీఎఫ్ పెట్టినవాడికి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ రచయిత ఇచ్చాడా అని అడిగాడా? ఒక్క ఫోన్ చేస్తే చాలు. చాలామంది సంతోషంగా ఇస్తారు కూడా.

ఇంకో సంగతి, చట్టంలో ఉన్నదే. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది. బాబాసాహెబ్ బతికుండగా వేసిన పుస్తకాలకి 2016 చివరితో తీరింది. ఆయన పోయాక వచ్చిన 'బుద్ధా అండ్ హిజ్ ధమ్మా'కి 2017 చివరితో తీరింది. ఆ పుస్తకాల ఇంగ్లీషు మూలాలు ఇప్పుడు అందరివీ. నిర్భయంగా పంచండి. తెలుగు అనువాదాలకి మాత్రం అనువాదకుల హక్కు వేరుగా ఉంటుంది.

ఇక పెద్ద కంపెనీల సంగతి. ఏరన్ స్వార్ట్జ్ అనే అమెరికా కుర్రాడు ఎంఐటీ నెట్‌వర్క్ నుంచి జేస్టోర్ అనే సంస్థ దాచిన పరిశోధన వ్యాసాలు లక్షల్లో డౌన్‌లోడ్ చేశాడు. 2011లో అరెస్టు చేశారు. 35 ఏళ్ల దాకా జైలు పడొచ్చని ప్రభుత్వ న్యాయవాదులు ప్రకటించారు. ఆ కుర్రాడు ఒక్క వ్యాసం కూడా అమ్ముకోలేదు. 2013 జనవరిలో, విచారణ మొదలు కాకముందే, 26 ఏళ్ల వయసులో ఉరేసుకున్నాడు.

పదేళ్లు తిరిగాయి. ఏఐ యంత్రాలు తయారుచేసే కంపెనీలకి పుస్తకాలు కావాల్సి వచ్చాయి. ఆంత్రోపిక్ అనే కంపెనీ పైరసీ సైట్ల నుంచి 70 లక్షలకు పైగా పుస్తక ప్రతులు దించుకుందని కోర్టులో తేలింది. మెటా ఉద్యోగులు లిబ్‌జెన్ అనే పైరసీ భాండాగారం నుంచి దించుకున్న సంగతి ఇంకో కేసు కాగితాల్లో బయటపడింది. 2025 జూన్‌లో ఆంత్రోపిక్ కేసులో జడ్జి, పుస్తకాలతో యంత్రానికి నేర్పడం చట్టం ఒప్పుకునే వాడకమే గానీ పైరసీ ప్రతులు పోగేసి ఉంచుకోవడం కాదన్నాడు. కంపెనీ 150 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది, పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. ఎవరూ జైలుకి పోలేదు. బాబాసాహెబ్ చెప్పిన అంచెల అసమానత కులంలోనే ఉంటుందనుకుంటాం. శిక్షల్లోనూ ఉంది.

ఆ డబ్బు ఎవరికి వెళ్తుందో కూడా చూడండి. అమెరికా కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ అయిన పుస్తకాలకే. మంచం కింద అట్టపెట్టెలున్న మన రచయితకి ఐఎస్‌బీఎన్ నంబరే ఉండదు చాలాసార్లు.

కూటదంత సుత్తంలో మహావిజితుడనే రాజు కథ ఉంది. రాజ్యంలో దొంగలు ఎక్కువయ్యారు. చంపి, కట్టేసి, తరిమి లాభం లేదు, మిగిలినవాళ్లు మళ్లీ దోస్తారు అని పురోహితుడు చెబుతాడు. సేద్యం చేసేవాడికి విత్తనాలివ్వు, వ్యాపారం చేసేవాడికి పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వు అంటాడు. రాజు అలాగే చేస్తే జనం తలుపులు తీసి పడుకున్నారట. పరిశోధన పత్రికల కోసం కేంద్రం 2025 నుంచి మూడేళ్లకి 6,000 కోట్లు కేటాయించి ఒకే దేశం-ఒకే చందా అని పెట్టింది. విద్యార్థులకి అందితే మంచిదే. కానీ ఆ డబ్బు విత్తనాలు చల్లినవాడికి పోవడం లేదు. వ్యాసం రాసిన పరిశోధకుడికి పత్రికలు పైసా ఇవ్వవు. ప్రభుత్వ జీతంతో రాసినదాన్ని ప్రభుత్వమే మళ్లీ కొంటోంది. ఊరూరా గ్రంథాలయ పన్ను మనం ఇంటి పన్నుతో పాటు కడుతూనే ఉన్నాం. ఆ డబ్బుతో మీ శాఖా గ్రంథాలయంలో ఈ ఏడాది ఎన్ని కొత్త పుస్తకాలు కొన్నారో వెళ్లి అడగండి. మన రచయితల పుస్తకాల పేర్లు రాసి, కొనమని అర్జీ ఇవ్వండి. బాబాసాహెబ్ 1956లో అడిగింది కూడా అదే కదా.

ఈ కరపత్రం మీద ఎవరికీ హక్కులు లేవు. జిరాక్స్ తీసుకోండి, ఫోటో తీసి పంపండి. మాటలు మార్చకండి, అంతే. అచ్చు ప్రతి తీసుకున్నవాళ్లు విహారం డబ్బాలో 10 రూపాయలు వేస్తే వచ్చే నెల కాగితానికి అవుతుంది. లేనివాళ్లు ఊరికే తీసుకెళ్లండి.