ప్రసంగము – దైవవాక్యము

క్రైస్తవాలయమున బోధకుడు పలుకునది మనుష్యుని మాటయా, దైవవాక్యమా? స్విట్జర్లాండు దేశమున జూరిక్ నగరపు బోధకుడు హైన్‌రిఖ్ బుల్లింగర్ రచింపగా 1566లో వెలువడిన రెండవ హెల్వెటిక్ విశ్వాస ప్రకటన దీనికి తేటగా బదులు చెప్పినది: దైవవాక్యమును ప్రకటించుట దైవవాక్యమే, బోధకుడు పాపియైనను వాక్యమునకు లోపము రాదు.

ఇది బోధకునకు గర్వకారణము కాదు. కచేరీలో సర్కారు ఉత్తరువును చదివి వినిపించు గుమాస్తా దానికి కర్త కాడు. ఉన్నది ఉన్నట్లు చదివినచో, అతని నడత యెట్టిదైనను ఉత్తరువు చెల్లును. సొంతమాట యొకటి చేర్చెనా, ఆ మాట చెల్లదు.

అయితే వేదిమీది ప్రతి పలుకును శిరసావహింపవలెనా? కార్ల్ బార్త్ పండితుడు 1932లో దైవవాక్యమునకు మూడు రూపములు చెప్పెను: క్రీస్తునందు వెల్లడియైనది, లేఖనములందు వ్రాయబడినది, సంఘమున ప్రకటింపబడునది. ఈ కడపటిది మొదటి రెంటికి లోబడి యుండవలెను. కావుననే బెరయ పట్టణపువారు పౌలు బోధను ఆసక్తితో వినియు, అది సత్యమా యని ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. అపొస్తలుల కార్యముల గ్రంథము పదునేడవ అధ్యాయము వారిని నిందింపలేదు, ఘనులనియే చెప్పినది.

బోధకునకు వినయము, శ్రోతకు పరిశీలనము ధర్మములు. పరిశీలించుట అవిశ్వాసము కాదు. వాక్యమునకు చూపు గౌరవమే.