అతికిన దూలము

షోలాపురము తూర్పుభాగమున పద్మశాలీల పేటలలో ఇల్లును మగ్గమును వేరు కావు. తెలంగాణము నుండి తరతరములుగా వచ్చి స్థిరపడిన ఈ తెలుగువారు చద్దర్లు, తువాళ్లు నేసి ఊరికి పేరు తెచ్చిరి. పాత ఇండ్లలో కట్టెదూలముల మీద మిద్దె నిలిచియుండును. క్రింద మగ్గమాడును, అటకమీద నూలు మూటలుండును. గోడలోనికి చొచ్చిన దూలపు కొన తడి తగిలి పుచ్చును. లేదా నడుమ, ముడి ఉన్నచోట, అడుగున చీలిక కనబడును.

అట్టిదానిని తీసి క్రొత్తది వేయుట పాత పద్ధతి. నేడు వేరొక ఉపాయమున్నది. బరువునకు దూలము వంగినపుడు పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగును. చీలిక సాధారణముగా అడుగుననే మొదలగును. అక్కడ కార్బన్ పీచుతో గాని గాజుపీచుతో గాని చేసిన పట్టీని ఎపాక్సీ జిగురుతో అంటింతురు. ఆ సాగుడును పట్టీ పంచుకొనును. కార్బన్ పట్టీ అదే కొలత ఉక్కులో నాల్గవవంతు బరువైనను తూగదు. పుచ్చిన కొనను కోసి, క్రొత్త కట్టెను గాజుపీచు కడ్డీలతో అతుకుటయు కలదు. స్విట్జర్లాండులో సిన్స్ అను ఊర 1807లో కట్టిన కట్టెవంతెనను 1992లో కార్బన్ పట్టీలతో బలపరచిరి.

ఒక టేకుచెట్టు నిలిచిన, దాని నాశ్రయించిన జీవములు నిలుచును. శ్రావకునకు వనకర్మ వర్జ్యమని పెద్దలు చెప్పియుండగా ఈ పని మెచ్చదగినదే. జిగురు రసాయనమే గదా అను ఆక్షేపణ చిన్నది. చిక్కు మరొకచోట నున్నది.

పట్టీ మీద పలక కొట్టి రంగు పూసిన, దూలము క్రొత్తదానివలె కనబడును. ఇల్లు అమ్మువాడు నోరెత్తడు. అచౌర్యాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో ప్రతిరూపక వ్యవహారము ఒకటి: మంచి సరుకని నమ్మించి వేరొకటి అంటగట్టుట. నేతిలో నూనె కలుపని వర్తకుడును ఇంటి బేరమున ఈ మాట మరచును. అడిగిన చెప్పుదును, అడుగకున్న నేనేల చెప్పవలెనను వాదము అంగడిలో చాల పాతది. కాని కంటికి కనబడనిదానిని గూర్చి కొనువాడు ఎట్లడుగును?

పైగా అతుకునకు హద్దులున్నవి. కట్టె ఆరకముందే అంటించిన పట్టీ ఊడవచ్చును. ఇంటిలోనే గట్టిపడు ఎపాక్సీ సాధారణముగా 60 డిగ్రీల దరిదాపుల మెత్తబడును. వేసవిలో 40 దాటు ఊరిలో, కాగిన కప్పునంటిన దూలమునకు ఆ వేడి మరీ దూరము కాదు. మరమగ్గపు అదురు సరేసరి. గోడ తడి ఆపనిచో పట్టీ వెనుక కట్టె మరల పుచ్చును, ఈసారి ఎవరికిని కనబడక.

కావున కొనువానికి చెప్పి ఊరకుండిన చాలదు. అద్దెకుండు నేతగానికి దస్తావేజుతో పనిలేదు. అతడు ఆ దూలము క్రిందనే పిల్లలతో పడుకొనును. ఏ దూలము అతికినదో, దానిమీద ఎన్ని మూటలు పెట్టవచ్చునో, గోడ చెమ్మగిల్లిన ఎవరికి చెప్పవలెనో తాళపుచెవి చేతికిచ్చునాడే అతనికి తెలుపవలెను.