చెప్పుటకై చదువుట

విద్య తనకొరకా, పరులకొరకా యను ప్రశ్న మన దేశమున క్రొత్తది కాదు. విద్య నాలుగు దశలలో సార్థకమగునని పతంజలి మహాభాష్యమున వివరించెను. గురువువలన గ్రహించుట మొదటిది. తనలో తాను అభ్యసించుట రెండవది. ఇతరులకు బోధించుట మూడవది. వ్యవహారమున వినియోగించుట నాల్గవది. బోధకు ముందు స్వాధ్యాయమును, వెనుక ఆచరణమును ఉండవలెనని దీని భావము. ఈ రెంటిలో నేది లోపించినను బోధ శబ్దమాత్రమే యగును.

మా పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో క్రైస్తవ గ్రంథమును ఇతరులకు చెప్పవలెనను సంకల్పముతోనే చదువువారు అనేకులు గలరు. వీరిని గూర్చి విజ్ఞులు కొందరొక యాక్షేపణము చేయుదురు. చెప్పుటకై చదువువాడు సత్యమును వెదకడనియు, తన వాదమునకు పనికివచ్చు వాక్యములను మాత్రమే యేరుకొనుననియు వారి తాత్పర్యము. ఈ యాక్షేపణము త్రోసివేయదగినది కాదు. పరీక్షకొరకు మాత్రమే చదువు విద్యార్థివలె, ప్రసంగము కొరకు మాత్రమే చదువు బోధకుడును ఉండవచ్చును. అయినను దోషము చెప్పవలెనను సంకల్పమున లేదు. అడుగబడుటకు ఇష్టపడకపోవుటయం దున్నది.

యోహాను సువార్త మూడవ యధ్యాయము నుదాహరణముగా గైకొందము. నీకొదేమను పండితుడు రాత్రివేళ యేసు నొద్దకు వచ్చెను. మనుష్యుడు క్రొత్తగా జన్మింపవలెనను మాటను విని, ముసలివాడు మరల తల్లిగర్భమున నెట్లు ప్రవేశించునని యతడు శంకించెను. గ్రీకు మూలమందలి 'అనోథెన్' అను పదమునకు 'మరల' అనియు 'పైనుండి' అనియు రెండర్థములు గలవు. ఆ పండితుని సంశయము ఒక యర్థమును పట్టుకొని పుట్టినది. ఇదే మాటను మన పల్లెలో చెప్పినచో వినువాడు తాను చిన్ననాటినుండి యెరిగిన పునర్జన్మమును తలచుకొనును. అది యజ్ఞానము కాదు; భాష యతనికిచ్చిన యర్థము. ఒంటరిగా చదువుకొనువానికి ఈ చిక్కు తోపకపోవచ్చును. చెప్పబూనినవాడు దీనిని విప్పక ముందునకు సాగలేడు. కాబట్టి శ్రోత యడుగు ప్రశ్న బోధకుని చదువునకు విఘ్నము కాదు. అది యతనికి రెండవ గురువు.

మన భాషలో ఈ గ్రంథము వెలసిన చరిత్రయు దీనినే తెలుపుచున్నది. లండను మిషనరీ సంఘమువారైన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. చెప్పవలెనని వచ్చినవారు ముందుగా తెలుగు నేర్చుకొనువారైరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుడు వారి భాషాంతరీకరణమునకు తోడ్పడెను. 1812లో శ్రీరామపురమున మూడు సువార్తలు అచ్చుపడునప్పటికి ఆ యిరువురును మరణించియుండిరి. ఆ సంఘము 1822లో కడపలో పని ప్రారంభించెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమనుండి ఈ మండలమున మాలలు పెక్కుమంది ఆ మతమును స్వీకరించిరి.

ఇక్కడ నొక విశేషము గలదు. ఇతరుల బడులలో గడప త్రొక్కుటకు వీలులేని వాడలకు, సువార్త చెప్పవచ్చిన ఉపాధ్యాయుడు అక్షరములను గూడ తెచ్చెను. సువార్త చదువగలిగినవాడు కరణము వ్రాసిన లెక్కను, సాహుకారు వ్రాయించుకొనిన పత్రమును గూడ చదువగలడు. తన్ను గూర్చి యితరులు వ్రాసిన దానిని తాను చదువగలుగుట మనుష్యునకు సామాన్యమైన లాభము కాదు. ఇచ్చినవాడు మత మొక్కటే యిచ్చితినని తలచియుండవచ్చును. పుచ్చుకొనినవానికి అంతకంటె నెక్కువ దక్కినది.

బోధ యొక్క యోగ్యతకు ఇదియే కొలత యని నా యభిప్రాయము. శ్రోతను చదువరిగా జేసిన బోధ యుత్తమము; నిర్ణయమును మాత్రమే చేతిలోబెట్టి, గ్రంథమును బోధకుడు తన సంచిలోనే యుంచుకొనిన బోధ యధమము. మొదటిది స్వాతంత్ర్యమునకును రెండవది దాస్యమునకును దారితీయును. ఈ మాట క్రైస్తవులకే గాక, శ్రుతులను శూద్రులకును స్త్రీలకును చిరకాలము మూసియుంచిన మనకు మరింత చెల్లును. పంచి పెట్టువానిని నిందించుటకు ముందు, దాచిపెట్టినవారము మనమని జ్ఞప్తియందుంచుకొనవలెను.

అట్లని పంచువానికి హద్దు లేదని కాదు. రాజ్యాంగము 25వ యధికరణమున మతమును ప్రచారము చేసికొను స్వేచ్ఛ నొసగినది. ప్రచారమనగా తన మత సిద్ధాంతములను వివరించి వ్యాపింపజేయుటయే గాని, ఇతరుని మతాంతరుని జేయు హక్కు కాదని 1977లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. న్యాయమాట యటుండగా, నీతియు నొక హద్దును చూపుచున్నది. చెప్పుట బోధకుని వంతు. నిర్ణయించుట శ్రోత వంతు. ఆకలిగొన్నవాని యాకలిని, రోగి భయమును ఆసరాగా గొని చెప్పిన మాట సత్యమైనను, చెప్పిన విధము వంచనయే. అట్లే శ్రోత మతమును తెలిసికొనక దూషించువాడు సగము చదివినవాడే. తాను విడువుమనుచున్న దేదియో వానికే తెలియదు.

అపొస్తలుల కార్యముల గ్రంథమున అపొల్లో యను విద్వాంసుని వృత్తాంతము గలదు. అతడు వాక్పటిమ గలవాడు, లేఖనములయందు ప్రవీణుడు. అయినను తెలియవలసినది కొంత మిగిలియుండెను. డేరాలు కుట్టి జీవించు అకుల, ప్రిస్కిల్ల యను దంపతులు అతనిని చేర్చుకొని మార్గమును మరింత స్పష్టముగా వివరించిరి. కూలిచేతులవారివలనను, అందొక స్త్రీవలనను విద్వాంసుడు నేర్చుకొనెను. చెప్పవలెనని బయలుదేరువారికి ఇంతకంటె తగిన పాఠ మరుదు.

కావున చెప్పుటకై చదువువారిని మనము వారింప బనిలేదు. బాగుగా చదువుడని కోరవలెను. తాను చదువు నేర్పినవాడు అదే గ్రంథమును తెరచి, తనకంటె భిన్నమైన నిర్ణయమునకు వచ్చినప్పుడు గూడ సంతోషింపగలిగినవాడే నిజమైన బోధకుడు. ఈ పరీక్షకు మతబోధకులే కాదు, బడిలో బెత్తము పట్టిన మేమును లోబడవలసినవారమే.