కొండ దిగిన తరువాత

(వాక్యభాగము: మత్తయి 17:1-18)



కొండమీద ప్రభువు ముఖము ప్రకాశించినప్పుడు పేతురు అక్కడనే పర్ణశాలలు కట్టవలెనని తలంచెను. ఆ చూపును పోనియ్యక పట్టి యుంచవలెనని ఆయన ఆశ. ఈ కాలపువాడైతే సంచిలో కెమేరా వెదకియుండును!

అట్టి కొండ, అట్టి కెమేరా సంగతి ఒకటి చెప్పెదను. హోవార్డ్ సొమెర్వెల్ గారు ఇంగ్లాండు దేశపు శస్త్రవైద్యుడు. 1922లో ఎవరెస్టు ఎక్కబోయిన బృందములో ఆయన యుండెను. ఆ యాత్రలో మంచుచరియ విరిగిపడి మోతగాండ్రు ఏడుగురు మరణించిరి. పిమ్మట ఆయన మన దక్షిణదేశము చూడవచ్చి, తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరు మిషను ఆసుపత్రికి వెళ్లెను. రోగులు గుంపులుగా కాచియున్నారు, వైద్యులు చాలరు. అది చూచి, లండనులో దొరకదగిన గొప్ప స్థానము విడిచి, అక్కడ పనిచేయ నిశ్చయించుకొనెను.

1924లో మరల ఆ కొండకు పోయెను. జూన్ 4న ఆయనయు నార్టన్ గారును ప్రాణవాయువు సీసాలు లేకయే ఎక్కిరి. సొమెర్వెల్ గారు గొంతు నొప్పిచేత దాదాపు 28,000 అడుగుల యెత్తున ఆగిపోగా, నార్టన్ గారు 28,126 అడుగులవరకు వెళ్లి మరలెను. దిగునప్పుడు సొమెర్వెల్ గారి గొంతులో ఏదో అడ్డుపడి ఊపిరి ఆడలేదు. ముందు నడుచుచున్న స్నేహితునికి తెలియదు. పిలుచుటకు స్వరము లేదు. చనిపోవుదునని మంచులో కూర్చుండి, రెండు చేతులతో రొమ్ము గట్టిగా అదుముకొనగా, చలికి చెడిన గొంతులోని పొర ఊడి బయటికి వచ్చెను. అట్లు బ్రదికెను.

తరువాత మలరీ గారు, యౌవనస్థుడైన ఇర్విన్ గారు శిఖరమునకు బయలుదేరిరి. మలరీ గారియొద్ద కెమేరా లేనందున సొమెర్వెల్ గారు తన చిన్న కోడాక్ కెమేరా ఇచ్చెను. అది మడిచిన కోటు జేబులో పట్టును. ఒక ఫిల్ముచుట్టకు ఎనిమిది ఫోటోలు. జూన్ 8 మధ్యాహ్నమున మబ్బుల సందున వారు ఒక స్నేహితునికి కనబడిరి. అదే కడపటి చూపు. మలరీ గారి దేహము 1999లోను, ఇర్విన్ గారి పాదము 2024లోను దొరికెను గాని, కెమేరా దొరకలేదు.

ఫిల్ముమీద వెండి లవణపు రేణువులుండును. రెప్పపాటు వెలుగు తగిలిన చాలును, బింబము అందులో నిలుచును. అయినను మందునీళ్లలో కడుగువరకు కంటికి కనబడదు. 1897లో ఉత్తరధ్రువ యాత్రలో చనిపోయిన ఆండ్రే గారి బృందపు ఫిల్ములు 33 ఏండ్లు మంచులో పడియుండి, 1930లో దొరికినప్పుడు వాటినుండి అనేక ఫోటోలు వచ్చెను. కనుక మలరీ గారి ఫిల్ము దొరికిన, వారు శిఖరము చేరిరో లేదో తెలియునని అనేకులు నిరీక్షించుచున్నారు. మంచిదే. అయితే నూరేండ్లుగా ఆ మాట అడుగువారు, 1922లో ఆ ఏడుగురి యిండ్లలో ఎవరు ఏడ్చిరని అడుగుట అరుదు.

తాము చూచినది తాను మృతులలోనుండి లేచువరకు ఎవరితోను చెప్పవద్దని ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెను. పేతురు ఆ దర్శనమును తనలోనే మోసికొని దిగవలసివచ్చెను. దిగగానే ఎదురుపడినది ఎవరు? మాటిమాటికి అగ్నిలోను నీళ్లలోను పడుచున్న ఒక చిన్నవాడు, మోకాళ్లూనిన తండ్రి. కొండమీద వెలుగు ప్రకాశించుచున్నప్పుడును ఆ తండ్రికి బాధ తప్పలేదు. క్రింద మిగిలిన శిష్యులు ఆ పిల్లవానిని స్వస్థపరచలేకపోయిరి.

మన ఉజ్జీవ కూటములలో మూడు రాత్రులు కన్నీళ్లతో పాడుదుము. అది అబద్ధమని నేననను. ప్రభువు అక్కడ అనేకులను తాకుచున్నాడు. నాలుగవ దినమున పొరుగింటి ముసలమ్మ జ్వరముతో మూలుగుచుండగా, మనము కూటముల ఫోటోలో మన ముఖము ఎక్కడనున్నదో వెదకుచుందుము. ఆమెకు గంజి కాచి ఇచ్చిన బిడ్డ ఏ ఫోటోలోను ఉండదు.

సొమెర్వెల్ గారు కొండ దిగి, నెయ్యూరునకు తిరిగి వచ్చెను. అక్కడ వరండాలో రోగులు కాచియుండిరి. రెండు పదులకు పైగా ఏండ్లు వారికి కోత వైద్యము చేసి, తరువాత వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో యౌవనస్థులకు ఆ పని నేర్పెను.