కుండలీకరణంలో ఒక మనిషి

మా కాలేజీ హెర్బేరియం బీరువాలో నా చేతులతో చేసిన షీట్ ఒకటి ఉంది. మదనపల్లె అవతల ఒక రాతిగుట్ట మీద కోసుకొచ్చిన కొమ్మ అది. పాత దినపత్రికల మధ్య పెట్టి, రోజూ కాగితాలు మార్చి, బూజు పట్టకుండా ఎండబెట్టి, మందపాటి అట్టకు సూదీదారంతో కుట్టాను. కింద కుడివైపు మూలన చీటీ అతికించి ‘ఫైకస్ రెలిజియోసా, రావి’ అని రాశాను. ఉద్యోగంలో చేరిన రెండో సంవత్సరం అది. వృక్షశాస్త్రం చెప్పేవాడికి రావిచెట్టు తెలియకపోవడమేమిటన్న ధీమా ఉండేది.

నేను ఆ కొమ్మ కోస్తుంటే, గుట్ట కింద మేకలు మేపుకుంటున్న పెద్దాయన ఒకరు పైకెక్కి వచ్చి పక్కన నిలబడ్డారు. “అది రావి గాదు నాయనా, కొండరావి. ఆకు తోక సూడు, పొట్టిది” అన్నారు. నేను తలూపాను. కొండ మీద మొలిచిన రావి కాబట్టి అలా పిలుస్తున్నారనుకున్నాను. ఆయన చెప్పింది చెట్టు పేరు. నేను విన్నది చెట్టు చిరునామా.

పదేళ్లు దాటాక ఒక వేసవి సెలవుల్లో వేరే మొక్క కోసం గాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం తిరగేస్తున్నాను. మర్రి, రావి, మేడి, జువ్వి ఉండే పుటల దగ్గర చెయ్యి ఆగింది. రావిని పోలిన ఆకు, కానీ కొస సాగి వేలాడదు; రాతి కొండల మీద పెరుగుతుంది. పేరు ఫైకస్ ఆర్నోటియానా. ఆ పేరు పక్కన ఒక పొట్టి సంతకం: ‘మిక్.’ కాలేజీ తెరిచిన రోజే బీరువా తాళం తీసి ఆ షీట్ బల్ల మీద పెట్టాను. ఆకు గుండె ఆకారంలోనే ఉంది. తోక పొట్టిది.

ఎవరీ మిక్. అని వెతకడం అప్పుడు మొదలైంది. అన్నేళ్లుగా ఆ రెండు మూడక్షరాల సంతకాలను విద్యార్థుల చేత బట్టీ పట్టించాను గానీ, వాటి వెనక నిద్ర లేచి, దీపం పెట్టుకుని, కళ్లు నులుముకుంటూ పనిచేసిన మనుషులుంటారని ఆలోచించలేదు.

ఫ్రెడరిక్ ఆంటోన్ విలెం మికెల్. పుట్టింది 1811లో, నెదర్లాండ్స్ సరిహద్దు పక్కనే ఉన్న నోయెన్‌హౌస్‌లో. ఇప్పుడది జర్మనీలో ఉంది. గ్రోనింగెన్‌లో వైద్యం చదివి 1833లో డాక్టరేట్ తీసుకున్నాడు. కొంతకాలం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆసుపత్రి వైద్యుడు, 1835 నుంచి రోటర్‌డామ్‌లో పాఠాలు చెప్పాడు. 1846లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, 1859లో ఉట్రెక్ట్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడు. 1862లో లైడెన్‌లోని జాతీయ హెర్బేరియం బాధ్యత కూడా మీదపడింది. 1871లో ఉట్రెక్ట్‌లో, అరవై నిండకుండానే పోయాడు. ఆయన చదివిన, పనిచేసిన ఊళ్లన్నీ ఒకే చిన్న దేశంలోవి. ఆయన దూరదేశాలు తిరగలేదు. అయినా 1855లో మొదలుపెట్టి జావా, సుమత్రా, బోర్నియో దీవుల మొక్కల మీద ‘ఫ్లోరా ఇండియే బటావే’ అనే మహాగ్రంథం రాశాడు. ఆ అడవుల్లో ఆయన అడుగు ఎన్నడూ పడలేదు. జీవితం మొత్తం మీద ఆయన ప్రచురించిన మొక్కల పేర్లు దాదాపు 7,000 అని లెక్క.

ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మొదట కోపమే వచ్చింది. వాన వాసన తెలియకుండా, ఆ చెట్టు నీడన కూర్చోకుండా, దాని పండు ఏ పిట్ట తింటుందో చూడకుండా పేరు పెట్టడమేమిటి? పైగా ఆ పేరులోని ఆర్నట్ ఎవరు? జార్జ్ వాకర్ ఆర్నట్ అనే స్కాట్లాండ్ పండితుడు. రాబర్ట్ వైట్‌తో కలిసి 1834లో దక్షిణ భారత మొక్కల మీద గొప్ప పుస్తకం తెచ్చినవాడు. వైట్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఏళ్ల తరబడి ఉన్నాడు. ఆర్నట్ మాత్రం భారతదేశానికి రాలేదు. అంటే మన బండల మధ్య వేళ్లు దూర్చుకుని బతికే చెట్టుకు, ఇక్కడికి రాని ఒక డచ్చివాడు, ఇక్కడికి రాని మరొక స్కాట్లాండ్ మనిషి పేరు పెట్టాడు. డచ్చివాళ్లకు ఈ తీరం తెలియక కాదు. భీమునిపట్నంలో, పులికాట్‌లో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ మికెల్ కలం పట్టేనాటికి వాళ్లు ఇక్కడి స్థావరాలన్నీ బ్రిటిష్‌వాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. ఆయన బల్ల మీదికి చేరినవి ఎండిన కొమ్మలే.

ఆ కోపం నాలో ఎక్కువకాలం నిలవలేదు. ఎందుకంటే చెట్టు కింద నిలబడినవాణ్ని నేను. బెరడు తడిమినవాణ్ని నేను. పచ్చి ఆకు తెంపితే కారిన పాలు నా వేళ్లకు అంటుకున్నాయి. అయినా తప్పు రాశాను. వేలమైళ్ల దూరంలో, రంగు పోయి వాసన పోయి కాగితంలా మారిన ఆకును చూసి మికెల్ ఇది రావి కాదని గుర్తుపట్టాడు. అక్షరం ముక్క రాదని నేను అనుకున్న మేకల కాపరీ అదే గుర్తుపట్టారు. ఒకరు చెట్టుతో కలిసి బతికినవారు, ఇంకొకరు చెట్టునే చూడనివారు. ఇద్దరికీ కలిసిన చోటు ఆకు కొస. ఆ ఇద్దరూ ఆకును చూశారు. నేను నాకు తెలిసిన రావిని చూసుకున్నాను.

‘కొండరావి’ అన్న మాటను ఇప్పుడు విడదీసి చూస్తే ఎంత కొలిచి పెట్టిన పేరో అర్థమవుతుంది. ఇది రావి కుటుంబానిది, కానీ ఆ రావి కాదు అని ఒకే మాటలో చెబుతోంది. మేడి, బొమ్మమేడి కూడా అంతే. లాటిన్ పేర్లు చేసే పనీ ఇదే. పిల్లలకు నేను చెప్పేవాణ్ని: మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక ఉన్నట్టే ఫైకస్ ముందు, ఆర్నోటియానా వెనక అని. తెలుగు పేరులో మాత్రం ఇంటిపేరు చివర నిలబడింది. ఇక లాటిన్ పేరు చెట్టుతో ఎవరెవరి పేర్లు ముడిపడ్డాయో చెబుతుంది, తెలుగు పేరు చెట్టు ఎక్కడుందో చెబుతుంది. కొండెక్కే మనిషికి రెండోదే ఉపయోగం. అయినా జావాలో, లంకలో, ఇక్కడ ఒకే చెట్టుకు పది పేర్లున్నప్పుడు మొదటిది లేకపోతే ఒకరి మాట ఒకరికి అందదు. రెండూ నాకు కావాలి. ఒకదాని కోసం ఇంకోదాన్ని తుడిచేయమంటే ఒప్పుకోను.

నన్ను మికెల్‌కు నిజంగా దగ్గర చేసింది మాత్రం ఆ తర్వాత ఒక కొత్త జాబితాలో కనిపించిన చిన్న గుర్తు. అందులో ఈ చెట్టు పేరు ఇలా ఉంది: ఫైకస్ ఆర్నోటియానా (మిక్.) మిక్. ఒకే సంతకం రెండుసార్లు, ఒకసారి కుండలీకరణంలో, ఒకసారి బయట. అచ్చుతప్పు అనుకున్నాను. కాదు. మొక్కల పేర్లలో కుండలీకరణానికి ఒక అర్థముంది. మొదట ఎవరో ఈ మొక్కను వేరే ఇంటిపేరు కింద పెట్టారు, తర్వాత ఇంకెవరో ఇప్పుడున్న ఇంటికి తెచ్చారు. మొదటివారి సంతకం కుండలీకరణంలోకి వెళుతుంది, తెచ్చినవారి సంతకం బయట ఉంటుంది. ఇక్కడ ఆ ఇద్దరూ ఒకరే.

జరిగిందిది. 1844లో ఇటలీ పండితుడు గాస్పరీని అత్తి జాతులన్నీ ఒకే ఇంటివి కావని, ఫైకస్‌ను చాలా ఇళ్లుగా చీల్చాడు. మికెల్‌కు ఆ మాట నచ్చింది. 1847, 48 సంవత్సరాల్లో లండన్ వృక్షశాస్త్ర పత్రికలో అత్తి జాతుల మీద వరసగా రాస్తూ ఆ విభజననే పట్టుకుని ముందుకు వెళ్లాడు. మర్రి, రావి యూరోస్టిగ్మా ఇంటికి వెళ్లాయి. మేడి, బొమ్మమేడి కోవెలియా అయ్యాయి. మన కొండరావికి ఆయన పెట్టిన మొదటి పేరు యూరోస్టిగ్మా ఆర్నోటియానమ్.

ఇదేమీ చేతికొచ్చినట్టు చీల్చడం కాదు. అత్తిపండు అని మనం పిలిచేది నిజానికి లోపలికి తిరిగిన పూలగుత్తి. బయటికి ఒక కాయ, లోపల వందల చిన్న పూలు. కొసన ఉన్న సన్నని రంధ్రంలోంచి ఆవగింజకన్నా చిన్న కందిరీగ దూరి వెళితే తప్ప ఆ పూలకు పరాగసంపర్కం జరగదు. ఎండి రాయిలా మారిన ఆ కాయను వేడినీళ్లలో నానబెట్టి, కోసి, సూదిమొనతో పూలను విడదీసి, భూతద్దం కింద కేసరాలు ఎన్ని, కీలాగ్రం ఎలా ఉంది అని లెక్కపెట్టాలి. నేను చేసి చూశాను, ఒక కాయకే పూట గడిచిపోయింది. ఆ లెక్కల మీద కట్టిన ఇళ్లవి. ఎంతో కష్టపడి కట్టిన ఇళ్లు.

1867లో మికెల్ వాటిని తానే కూల్చాడు. అప్పటికి లైడెన్ హెర్బేరియం ఆయన చేతిలో ఉంది. ఆ సంస్థ పత్రికలోనే అత్తి జాతుల మీద మళ్లీ రాస్తూ అన్నింటినీ తిరిగి ఫైకస్ కిందికి తెచ్చాడు. షీట్లు కొన్నే ఉన్నప్పుడు నిలిచిన గోడలు, షీట్లు పెరిగేకొద్దీ నిలవలేదని నేను ఊహించుకుంటాను. అటూ ఇటూ కాని కాయ ఒకటి ఎక్కడో ఒక దీవి నుంచి వస్తుంది, కట్టిన గోడకు కన్నం పడుతుంది. ఇరవై ఏళ్ల కింద తాను నమ్మి రాసినదాన్ని, అంతమంది చదివినదాన్ని, అదే చేత్తో వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. నేను రావి చీటీ తప్పని తెలిశాక కూడా ఆ షీట్‌ను బీరువాలో అడుగుకు తోసి చాలాకాలం ఊరుకున్నాను. ఆ బీరువా తెరిచేది నేనూ, ఏడాదికి ముప్ఫైమంది పిల్లలూ. అంతమాత్రానికే నాకు నోరు రాలేదు.

అన్నీ ఆయనే సరిచేసుకున్నాడని కాదు. అంతకుముందు, 1843, 44లో మిరియాల కుటుంబం మీద పెద్ద పుస్తకం రాసినప్పుడు పైపర్‌ను కూడా ఆయన చీల్చాడు. మన తమలపాకును చావికా బీటెల్ అన్నాడు. పిప్పలి చావికా రాక్స్‌బర్గీ అయింది. ఆ రెంటినీ తర్వాతివాళ్లు పైపర్‌లోకి తిరిగి తెచ్చారు. ఇప్పుడు చావికా అన్న మాట సమానార్థక నామాల వరసలో, చిన్న అక్షరాల్లో మిగిలింది. పెళ్లిళ్లలో, నోములలో చేతులు మారిన తాంబూలానికి ఇదేదీ తెలియదు.

ఆయన పెట్టిన పేర్లలో మారకుండా నిలిచి, మన నేలకు నడిచొచ్చినదీ ఒకటుంది. జావా అగ్నిపర్వతాల మీద తిరిగిన యుంగ్‌హున్ అనే వైద్యుడు సేకరించిన సరుగుడు జాతికి మికెల్ 1851లో కాసువరినా యుంగ్‌హునియానా అని పేరు పెట్టాడు. ఆ కొండ సరుగుడును, మన సముద్ర తీరపు సరుగుడును కలిపి పుట్టించిన సంకర మొక్కలు ఇప్పుడు కోస్తా ఇసుక నేలల్లో కాగితం మిల్లుల కోసం తోటలుగా పెరుగుతున్నాయి. ఒంగోలు వైపు రైలులో వెళుతూ ఆ తోటలు చూసినప్పుడల్లా, ఆ చెట్టును ఎండిన రెమ్మగానే చూసిన మనిషి గుర్తొస్తాడు. ఇంత ఆకుపచ్చ ఆయన కంటబడలేదు కదా అని నాకు దిగులేస్తుంది.

ఇంకో పేరు చెప్పకుండా ఉండలేను. రాబర్ట్ వైట్ 1838 నుంచి 1853 దాకా దక్షిణ భారత మొక్కల బొమ్మలు 2,000కు పైగా అచ్చు వేయించాడు. వాటికి మూలమైన చిత్రాలు గీసిన ఇద్దరి పేర్లు రంగయ్య, గోవిందు. ఆ పేర్ల ముగింపులు వినగానే మన చెవికి మనవాళ్లలా తగులుతాయి. వైట్ 1853లో ఒక ఆర్కిడ్‌కు గోవిందు పేరు మీద గోవిందూయియా అని కొత్త ఇంటిపేరు పెట్టాడు. నిలవలేదు. ఆ మొక్క అప్పటికే పేరున్న ట్రాపిడియా అనే ఇంటిదని తేలింది, ముందు పెట్టిన పేరుదే హక్కు అన్న నియమం ప్రకారం గోవిందు వెనక్కి వెళ్లాడు. నియమం న్యాయమైనదే, నేను కాదనను. కానీ ఆ చోట నాకు గొంతు పట్టుకుంటుంది. వేలాది పేర్ల జాబితాలో దొరలు, దొరసానులు, గవర్నర్లు నిలిచారు. చెట్టెక్కి కొమ్మ కోసినవాడు, బురదలో మూట మోసినవాడు, దారి చూపినవాడు నిలవలేదు. ఒక్క చిత్రకారుడికి దక్కిన ఒక్క చోటూ చిన్న అక్షరాల్లోకి జారిపోయింది.

హెర్బేరియంలో ఒక మర్యాద ఉంది. తప్పు గుర్తింపు కనిపిస్తే పాత చీటీ చింపకూడదు, కొట్టివేయకూడదు. దాని పైన కొత్త చీటీ అతికించి, సరైన పేరు, సరిచేసినవారి పేరు, తేదీ రాయాలి. పాతది పాతదిగా కనిపిస్తూనే ఉండాలి. లైడెన్ షీట్ల ఫొటోలు చూస్తే కొన్నింటి మీద నాలుగైదు చీటీలు, నాలుగైదు చేతిరాతలు. వందేళ్ల వాదన ఒక్క అట్ట మీద, ఎవరూ ఎవరినీ చెరపకుండా.

రిటైరయ్యే నెలలో ఆ షీట్‌ను బీరువా అడుగు నుంచి తీశాను. కొమ్మ ఇంకా గట్టిగానే ఉంది, దారం కొద్దిగా వదులైంది. ‘రావి’ అన్న నా పాత చీటీ అలాగే ఉంచి, పైన కొత్తది అతికించాను. ఫైకస్ ఆర్నోటియానా (మిక్.) మిక్. తెలుగు పేరు: కొండరావి. సేకరించినవారి దగ్గర నా పేరు ఉంది. సరిచేసినవారి దగ్గర నా పేరు రాయబోయి ఆగాను. ఈ చెట్టును నాకన్నా ముందు, నా ఎదుటే, సరిగ్గా గుర్తించినవారు ఉన్నారు. ఆ గడిలో నల్లసిరాతో రాశాను: మేకలు కాసే పెద్దాయన. పేరు అడగలేదు.